ప్రహరీ మీద పాలకూర

పాండురంగారావు గారు ఈ లోకంలో చివరిగా చేసిన పని, మా రెండిళ్ళకీ మధ్యనున్న ప్రహరీగోడ మీద పాలకూర సలాడ్ గిన్నె పెట్టి, “మాస్టారూ, గిన్నెకి తొందరేం లేదండీ, సాయంత్రానికి ఇచ్చినా చాలు” అనడం. పెద్దవాళ్ళు పోయేముందు దేవుడి పేరో, కడుపున పుట్టినవాళ్ళ పేరో తలుచుకుంటారని వింటుంటాం. ఈయన గిన్నె అడిగారు. అడిగి, లోపలికి వెళ్ళి, పడక్కుర్చీలో పేపరు విప్పుకుని, క్రీడల పేజీ దగ్గర ఆగిపోయారు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. రోజూ పొద్దున్నే పచ్చి పాలకూరతో సలాడ్ చేసి మనుషుల చేత తినిపించడం. గ్యాసు బండ తెచ్చినవాడికీ, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడికీ స్టీలు గ్లాసులో వేసి చెంచా గుచ్చి ఇచ్చేవారు. వాళ్ళు నిలబడి నాలుగు ఆకులు నమిలి, ఆవుల వైపు కొత్త గౌరవంతో చూస్తూ వెళ్ళిపోయేవారు. నాకు మాత్రం మూత ఉన్న గిన్నె. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. పచ్చాకు తినిపించడాన్ని ఆరోగ్యం అనుకోవచ్చు. ఈ గిన్నె పట్టుదలని ఏమనుకోవాలో నాకు రెండేళ్ళ నాలుగు నెలల పాటు తెలియలేదు.

ఆయన పక్కింట్లోకి అద్దెకి దిగింది ఆషాఢంలో. అంతకు మూడు నెలల ముందు, ఈస్టరు ఇంకా వారం ఉందనగా, నా భార్య నిర్మల పోయింది. ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన నాకు, వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో అప్పటిదాకా తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. టీ కాచుకోవడం వచ్చు. టీలో ముంచడానికి బిస్కట్లు ఉన్నాయి. మనిషి బతకడానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. నా నడుము వేరేలా అనుకుంది. బెల్టుకి మేకుతో రెండు కొత్త బొక్కలు పొడవాల్సి వచ్చింది.

మా అమ్మాయి పెర్సిస్ తాడేపల్లిగూడెంలో నర్సు. రోజూ డ్యూటీకి వెళ్తూ ఫోన్ చేసేది.

“తిన్నావా నాన్నా?”

“తిన్నానమ్మా.”

“ఏం తిన్నావు?”

చిక్కంతా ఆ రెండో ప్రశ్నతోనే. దానికి నేను నిర్మల వండే వరసంతా గుర్తు చేసుకుని అప్పజెప్పేవాణ్ణి. సోమవారం గోంగూర పప్పు, మంగళవారం దొండకాయ వేపుడు, బుధవారం చారు, అప్పడం. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పినవాడికి ఆ మాత్రం కల్పన చేతకాదా? అయితే నర్సులు మాటలు నమ్మరు, మనిషిని చూస్తారు. ఒక ఆదివారం వచ్చి నా చొక్కా వేలాడుతున్న తీరు చూసి, “ఈసారి వచ్చేసరికి ఇంకొక్క కిలో తగ్గావంటే, సామాను వ్యాన్‌లో వేయించి నిన్ను గూడెం తీసుకుపోతాను” అని తేల్చి చెప్పేసింది. నాకు కూతురన్నా ఇష్టమే, గూడెమన్నా ఇష్టమే. కానీ నిర్మల పెంచిన కరివేపాకు చెట్టు వ్యాన్ ఎక్కదు.

పాండురంగారావు గారు దిగిన మూడో రోజున ప్రహరీ మీంచి ఒక బట్టతల, దాని కింద రెండు కళ్ళు కనిపించాయి.

“మాస్టారూ, చిన్న సందేహం అండీ.”

“చెప్పండి.”

“మీ చెత్తబుట్టలో ఉల్లిపొట్టు లేదేంటండీ?”

నా సర్వీసులో ఎన్నో ప్రశ్నలు విన్నాను. ఇలాంటిది ఏ క్లాసులోనూ ఎదురు కాలేదు.

“మా చెత్తతో మీకేం పనండీ?”

“ఊరికేనండీ. మునిసిపాలిటీ బండి కోసం నా బుట్టా మీ బుట్టా పక్కపక్కనే పెడతన్నాం కదండీ, చూపు పడింది. మూడ్రోజుల్నుంచీ అన్నీ బిస్కట్ కవర్లే. మీ ఇంట్లో కుక్క ఉందాండీ?”

“లేదు.”

“ఆయ్. మరైతే ఆ బిస్కట్లు...”

“నేనే తింటున్నాను.”

“మంచిదండీ” అని బట్టతల గోడ వెనక్కి దిగిపోయింది. మర్నాడు పొద్దున్న గోడ మీద గిన్నె ప్రత్యక్షమైంది.

మూత తీసి చూస్తే ఆకులు. ఉడికినవి కావు, వేగినవి కావు, అప్పుడే కోసినట్టున్న పచ్చి పాలకూర ఆకులు. మధ్యలో కీరా ముక్కలు, మొలకెత్తిన పెసలు, కాగితమంత పలచగా తరిగిన ఉల్లిపాయ, పైన వేరుశెనగ గుళ్ళు, నిమ్మరసం. నేనేమైనా మేకనా అనుకుంటూనే ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. కరకరలాడింది. పుల్లగా, కాస్త కారంగా, ఏదో వాన వాసనలా ఉంది. గిన్నె ఖాళీ అయ్యాక గానీ ఆగలేదు. తిన్న అరగంటకి విచిత్రంగా ఇంకా ఎక్కువ ఆకలి వేసింది.

గిన్నె శుభ్రంగా కడిగి గోడ మీద పెట్టాను. పాండురంగారావు గారు దాన్ని తీసుకుని లోపలికి తొంగి చూశారు. తిరగేసి చూశారు. వేలితో తట్టి చూశారు.

“ఇందులో ఏదో మర్చిపోయినట్టున్నారండీ.”

“ఏమీ మర్చిపోలేదే. విమ్ పెట్టి తోమాను కూడా.”

“తోమారండీ, తళతళలాడతంది. మరి ఖాళీగా ఉంది కదండీ.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎవరింటి నుంచి ఏ పాత్ర వచ్చినా నిర్మల వట్టిగా పంపేది కాదు. వడియాలో, పచ్చడో, ఏమీ లేకపోతే చెంచాడు పంచదార. మా వైపు గుడికెళ్ళే వాళ్ళకీ చర్చికెళ్ళే వాళ్ళకీ ఉమ్మడిగా ఉన్న పట్టింపుల్లో ఇదొకటి. వట్టి గిన్నె పంపితే ఆ ఇంట్లో ఏమీ లేదని చాటింపు వేసినట్టే. వెంటనే లోపలికి పరిగెత్తి పంచదార వేసి తెచ్చాను.

“షుగరండీ నాకు” అన్నారాయన బాధగా.

రెండో రోజు అరటిపండు పెట్టాను. “ఇది కూడా వద్దన్నారండీ డాక్టరు గారు.” మూడో రోజు ఉప్పు బిస్కట్ల పొట్లం పెట్టాను. దాన్ని రెండు వేళ్ళతో తీసి నాకే ఇచ్చేశారు.

“కొన్నది చెల్లదండీ.”

“ఎవరు చెప్పారు?”

“మా అమ్మ చెప్పేదండీ. గిన్నెలో వేసేది మన పొయ్యి మీంచి దిగాలంట.”

“మరి మీ ఆకులు ఏ పొయ్యి మీంచి దిగాయి?”

“నాకు పొయ్యి వెలిగించడం రాదు కదండీ. కర్రీ పాయింటు మనిషిని. చేతకానోడికి మినహాయింపు ఉంటది.”

“నాకూ చేతకాదు.”

“అలా అనకండి. మీరు మాస్టారు. మాస్టార్లకే రాకపోతే ఇంక దేశం ఏం బాగుపడద్దండీ?”

దేశం కోసం నాలుగో రోజు కోడిగుడ్డు ఉడకబెట్టాను. ఒక్క గుడ్డుకి గ్యాసు వెలిగించడం దండగ అనిపించి రెండు వేశాను. ఒకటి ఆయన గిన్నెలోకి వెళ్ళింది, రెండోది నా నోట్లోకి. అందులో ఏ కుట్రా నాకు కనిపించలేదు. ఆయన గుడ్డు తీసుకుని, కోర్టులో సాక్ష్యం పరిశీలించినట్టు అటూ ఇటూ తిప్పి, “చెల్లుతదండీ” అన్నారు.

అలా మొదలైంది. పొద్దున్న ఆకు, సాయంత్రం కూర. ఆకులు పడేసి కూరలు లాక్కుపోయే మనిషిని చూసి నాకు ఒళ్ళు మండేది. మండుతూనే వండేవాణ్ణి.

ఆయన సలాడ్ చేయడం చూడటానికి మాత్రం ఎంత పనున్నా ఆపి గోడ దగ్గర నిలబడేవాణ్ణి. అది ఆకు కొనడంతో మొదలయ్యేది. అప్పారావు అని ఒకతను మోపెడ్ మీద ఆకుకూరలు తెస్తాడు. అతన్ని ఆపి పాండురంగారావు గారు విచారణ మొదలుపెట్టేవారు.

“ఇది నిన్న సాయంత్రం కోసిందా, ఇయ్యాల తెల్లారగట్ల కోసిందా?”

“ఆకు పచ్చగా ఉందా లేదా, అది చూడండి బాబూ.”

“పచ్చగా చిలక కూడా ఉంటది. కాడ విరువు, చప్పుడు వినాలి.”

అప్పారావు కాడ విరిచేవాడు. ఈయన చెవి దగ్గర పెట్టి వినేవారు. “ఊఁ, ఇయ్యాల్టిదే” అని, అందులోంచి బొటనవేలంత లేతాకులు ఏరుకుని, ముదురాకులు పక్కన పెట్టి, “ఇవి మాస్టారికిచ్చెయ్, పప్పులో వేసుకుంటారు” అనేవారు. అలా ఆయన ఏరిపారేసిన ఆకుతోనే నేను జీవితంలో మొదటిసారి పాలకూర పప్పు వండాను.

“ఈయన కట్ట కొనడానికి పట్టే టైములో మా చెల్లికి సంబంధం కుదిరిపోయిందండీ” అనేవాడు అప్పారావు నాతో.

తరవాత ఆకుల్ని మూడు నీళ్ళలో కడిగేవారు. మొదటి నీళ్ళు మట్టికి, రెండోవి పురుగుకి, మూడోవి ఉప్పు నీళ్ళు, “మనసుకి” అనేవారు. అసలు ప్రదర్శన ఆ పైన. తడి ఆకుల్ని పలచటి తువ్వాల్లో మూటగట్టి, పెరట్లో మధ్యన నిలబడి, చేలో పిట్టల్ని తోలే ఒడిసెలలాగా తల చుట్టూ గిరగిరా తిప్పేవారు. నీళ్ళు నాలుగు వైపులా చిమ్మేవి. వెనకింటి డాబా మీంచి శ్రీదుర్గ గారి కేక వినిపించేది.

“బాబాయి గారూ! చీరలు ఆరేసి పావుగంట కాలేదండీ!”

“వాన కాదమ్మా, పాలకూర!”

“ఏదైతేనేం, తడిసింది కదండీ!”

“తడాకులో నిమ్మరసం పిండితే నీళ్ళ నీళ్ళగా ఉంటదమ్మా. రేపటి నుంచి ఉత్తరం వైపు తిరిగి తిప్పుతాను.” మర్నాడు ఉత్తరం వైపు తిరిగేవారు. ఉత్తరం వైపు నేనుండేవాణ్ణి.

ఉల్లిపాయ తరిగేటప్పుడు ఆయన చెయ్యి కనిపించేది కాదు, చప్పుడే వినిపించేది. వేరుశెనగ గుళ్ళు మాత్రం వేయించినవి బండి మీద కొనుక్కొచ్చేవారు, పొయ్యి రాదు గనక. నిమ్మకాయ, దంచిన మిరియాలు వేసి వేళ్ళతో పైపైన కలిపి, ఉప్పు అన్నిటికన్నా చివర చల్లేవారు. “ముందేస్తే ఆకు కన్నీళ్ళు పెట్టుకుంటదండీ.”

సాయంత్రం నేను గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన ప్రశ్నలు మొదలయ్యేవి. బాగుందని అనేవారు కాదు, బాలేదనీ అనేవారు కాదు. గోడ దగ్గరే మూత తీసి, వాసన చూసి, వేలితో కాస్త నాలిక్కి రాసుకుని, చిన్నపిల్లాడిలా అడిగేవారు.

“మాస్టారూ, ఈ పోపు నల్లగా ఉందేంటండీ? ఇదేమైనా కొత్త రకమా?”

“మాడింది.”

“ఓహో. ఆవాలు చిటపటమనకముందే మిగతావి వేస్తే మాడద్దా, చిటపటమన్నాక కూడా ఆగితే మాడద్దా అండీ?”

“రెండోది అనుకుంటాను.”

“అనుకోవడం దేనికండీ, రేపు చూద్దాం.”

ఇంకో రోజు చారు ఇస్తే, “మిరియాలు మిక్సీలో వేశారా, దంచారా అండీ?” అన్నారు.

“మిక్సీ.”

“దంచితే ఎలా ఉంటదో?”

“నాకేం తెలుసు?”

“మీకు తెలీపోవడం ఏంటండీ” అని ఎంతో ఆశ్చర్యపోయి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే రోలు వెతుక్కున్నాను. దంచితేనే బాగుంది.

క్రమంగా నాకు జవాబులు తెలియడం మొదలైంది. ఆయన అడగడం, నేను చెప్పడం. మాస్టార్లకి ఇంతకన్నా ఆనందం లేదు. “చూడండి పాండురంగారావు గారూ, చారంటే నీళ్ళు కాదు. చింతపండు రసం ముందు బాగా మరగాలి. పొడి ఆ తరవాత. పొడి వేశాక ఒక్క పొంగు, అంతే” అని గోడకి ఆనుకుని పాఠం చెప్పేవాణ్ణి. ఆయన, “ఆయ్, ఒక్క పొంగే. ఉండండి, రాసుకుంటాను” అని క్యాలెండర్ వెనక పెన్సిలుతో రాసుకునేవారు. ఇంత శ్రద్ధ ఉన్న శిష్యుడు సర్వీసులో ఉండగా ఒక్కడూ దొరకలేదే అనుకునేవాణ్ణి. ఈ పాఠాల్లో పడి, అసలు ఆయన ఎక్కడ పుట్టారో, ఏం పని చేసి రిటైరయ్యారో నేనొక్కసారీ అడగలేదు. జవాబులు చెప్పడానికి అలవాటుపడ్డవాడికి ప్రశ్నలు తోచవు.

పెర్సిస్‌తో ఫోన్లో ఫిర్యాదు చేశాను. “పక్కింట్లోకి మహా తిండిపోతు దిగాడమ్మా. నాలుగు ఆకులిచ్చి గిన్నెడు కూర పట్టుకుపోతాడు.”

“కూరా? మనింట్లో కూర ఎక్కడిది?”

“వండుతున్నాను.”

“ఎవరు?”

“నేనే.”

ఆ ఆదివారం ప్యాసింజరు దిగి వచ్చేసింది, మూడు గిన్నెల కేరేజీతో. గేటు దగ్గరే పాండురంగారావు గారు అడ్డం నిలబడ్డారు.

“అమ్మాయి గారూ, ఆ కేరేజీ లోపలికి తీసుకెళ్ళకండి.”

“అదేంటి బాబాయి గారూ! మా నాన్నకి తెచ్చాను.”

“నాన్నగారు ఇయ్యాల బెండకాయ వేపుడు చేస్తానని మాటిచ్చారండీ. పొద్దుట్నుంచీ దాని కోసమే కాచుక్కూచున్నాను. మీ కేరేజీ తిని ఆయన పడుకుంటే నా వేపుడు గతేంటండీ?”

“మీ వేపుడు కోసం మా నాన్న నా కూర తినకూడదా?”

“సాయంత్రం తినొచ్చండీ. ఫ్రిజ్జులో పెట్టండి. ముందు వేపుడు అవ్వాలి.”

పెర్సిస్ కోపంగా ఆయన్ని చూసింది. తరవాత కిటికీలోంచి, బెండకాయలు తుడుచుకుంటున్న నన్ను చూసింది. మళ్ళీ ఆయన్ని చూసింది. ఎందుకో గొంతు తగ్గించి, “అలాగేనండీ” అంది. ఆ రోజు వేపుడు జిగురు జిగురుగా వచ్చింది. ముగ్గురం తిన్నాం. రైలెక్కేటప్పుడు ఆ పిల్ల నాతో, “నాన్నా, ఆయనతో దెబ్బలాట పెట్టుకోకు” అంది. వ్యాను సంగతి ఆ రోజు ఎత్తలేదు.

దెబ్బలాట ఒక్కసారే అయింది. నిర్మల పోయి ఏడాది తిరిగింది. చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన చేయించి, అందర్నీ పంపేసి, తలుపేసుకుని పడుకున్నాను. మర్నాడు లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. బిస్కట్ల వైపు కూడా చెయ్యి పోలేదు. పెర్సిస్ ఫోన్ చేస్తే గోంగూర పప్పు అని చెప్పాను.

మూడో రోజు సాయంత్రం నీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళేసరికి గోడ మీద మూడు గిన్నెలు వరసగా ఉన్నాయి. మొన్నటిది, నిన్నటిది, ఇవాళ్టిది. మూడిట్లోనూ ఆకు వాడిపోయి ఉంది. గోడ అవతల ఆయన నిలబడే ఉన్నారు.

“మాస్టారూ, ఇంట్లో గిన్నెలైపోయాయండీ. రేపు దేంట్లో ఇవ్వమంటారు?”

“ఇవ్వకండి!” అని అరిచాను. “ఎవరడిగారండీ మిమ్మల్ని ఈ గడ్డి? రోజూ గోడ మీద పెట్టడం, మళ్ళీ కూర కోసం కాపలా! ఆకలైతే కర్రీ పాయింటుకి వెళ్ళండి!”

ఆయన గిన్నెల్లోని వాడిన ఆకు గోడవారన దులిపేశారు.

“ఆయ్. ఎవరూ అడగలేదండీ” అన్నారు. మూడు గిన్నెలూ ఒకదాంట్లో ఒకటి పెట్టుకున్నారు. వెళ్ళిపోతారనుకున్నాను. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

“అమ్మగారు చారులో బెల్లం వేసేవారా అండీ?”

“వేసేది” అన్నాను కోపంగానే. “చిటికెడు.”

“మరిగేటప్పుడా, దించాకా?”

ముప్పై ఎనిమిదేళ్ళు ఆ చారు పోసుకున్నాను, అది నాకు తెలియదు. “తెలీదండీ” అన్నాను.

“అయ్యో” అన్నారాయన, నిజంగానే ఏదో పోగొట్టుకున్నట్టు. “ఎలా తెలుస్తదండీ మరి?”

ఆయన వెళ్ళిపోయారు. నేను కాసేపు మెట్టు మీద కూర్చున్నాను. తరవాత వంటింట్లోకి వెళ్ళి చారు పెట్టాను. రెండు గిన్నెల్లో పెట్టాను. ఒకదాంట్లో మరుగుతుండగా బెల్లం వేశాను, రెండోదాంట్లో దించాక. రెండూ అన్నంలో కలుపుకుని చూశాను. తేడా ఉంది. దించాకే వేసేది. గిన్నె ఆయన దగ్గరే ఉండిపోయింది గనక, ఆ చారు మా ఇంటి స్టీలు చెంబులో పోసి వెళ్ళి ఆయన తలుపు తట్టాను.

“దించాకండీ” అన్నాను.

ఆయన వేలితో నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, “ఆయ్” అన్నారు. క్యాలెండర్ వెనక రాసుకున్నారు. మర్నాడు పొద్దున్న నా చెంబు ఖాళీగా రాలేదు, నిండా పాలకూర ఉంది.

ఆ తరవాత ఏడాదిన్నర పైన ఏ ఒక్కరోజూ తప్పలేదు. నా బెల్టు మళ్ళీ పాత బొక్కకి వచ్చింది. నేను గుత్తి వంకాయ దాకా వెళ్ళాను, పులిహోర దాకా వెళ్ళాను, కొర్రమీను పులుసు కూడా కాచాను. ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను.

మొన్న కార్తీకంలో, నేను ముందే చెప్పిన ఆ పొద్దున్న, ఆకు అమ్మి వెళ్ళిన అప్పారావు చిల్లర ఇవ్వడానికి తిరిగొచ్చి ఎంత హారన్ కొట్టినా విచారణకి ఎవరూ రాలేదు. అతనే తలుపు తోసి చూసి, నన్ను పిలిచాడు.

మధ్యాహ్నానికి కొల్లేరు లంకల వైపు నుంచి ఆయన మనుషులు దిగారు. ఆటోలో ముందు సీట్లో ఆయన అక్కగారు పాపాయమ్మ గారు, డెబ్బై ఐదు దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులతో రెండు మూడేళ్ళుగా ఊరు దాటలేదట. వెనక తొమ్మిది మంది. సాయంత్రం ఐదింటికల్లా అంతా అయిపోయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. స్నానాలు చేసి వచ్చిన పది మందికి ఇరుగుపొరుగే అన్నం పెట్టాలి.

పెర్సిస్ గూడెం నుంచి వచ్చి ఉంది. ఫోన్ తీసి, “హోటల్‌కి చెబుతాను నాన్నా, పది భోజనాలు” అంది.

“కొన్నది చెల్లదు” అన్నాను.

పప్పు, చారు, దోసకాయ పచ్చడి, అన్నం. పది మందికి నేనెప్పుడూ వండలేదు. ఉప్పు ఎంత పడుతుందో తెలియక గోడ వైపు రెండుసార్లు చూశాను. మా వరండాలో వరసగా కూర్చోబెట్టి వడ్డించాను. పాపాయమ్మ గారికి కుర్చీ వేశాం. ఆవిడ మెల్లగా, తల వంచుకుని చారు కలుపుకుని, ఒక ముద్ద తిని ఆగారు.

“బెంజమిన్ మాస్టారంటే మీరేనాండీ?”

“నేనేనమ్మా.”

“రోజూ ఫోన్లో మీ కబుర్లేనండీ. ‘ఇయ్యాల మాస్టారి పప్పు అడుగంటిందే అక్కా’, ‘ఇయ్యాల పులుసు కుదిరిందే అక్కా’ అని. పిల్లోడికి మార్కులొచ్చినట్టు చెప్పేవోడు.”

“ఆయనకి తిండంటే ఇష్టం కదమ్మా.”

“ఏం ఇష్టమోనండీ. మా మరదలు పోయినప్పుడు ఆర్నెల్లు వాడికి నేను కేరేజీ పంపాను, బస్సు మీద. తినేవోడు, పడుకునేవోడు. గెడ్డం కూడా గీసుకునేవోడు కాదు. ఆఖరికి నా కాలు విరిగి కేరేజీ ఆగిపోతే అప్పుడు లేచాడండీ.” ఆవిడ ఇంకో ముద్ద తిన్నారు. “మీ సంగతి చెప్పినప్పుడు తిట్టాను కూడాను. పక్కింటాయన పస్తులుంటే గడ్డి పెడతన్నావేంట్రా, గిన్నెడు అన్నం పెట్టకూడదా అని. ‘అన్నం పెడితే తిని పడుకుంటారే అక్కా. ఆకు పెడితే ఆకలేసి లేస్తారు’ అన్నాడండీ.”

నేను ఆవిడ కంచంలో ఇంకో గరిటె చారు పోశాను. పెర్సిస్ మొహం అటు తిప్పుకుంది. ఏదో ఒకటి అనాలి గనక, మాస్టార్లకి అలవాటైన పద్ధతిలో సర్దబోయాను.

“అయినా వండి పెడదామన్నా ఆయనకి వంట రాదు కదమ్మా. చారు పెట్టడం కూడా నేనే నేర్పాను.”

పాపాయమ్మ గారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా మొహంలోకి చూశారు. పొద్దుట్నుంచీ ఏడ్చి వాచిన కళ్ళు మెల్లగా నవ్వుతో ముడుచుకున్నాయి. ఆవిడ ఎడమచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

“వాడికి వంట రాదాండీ?” అన్నారు కొంగులోంచే. “గూడెంలో హాస్టలు వంటమేస్త్రీ అండీ వాడు, ముప్పై ఒక్కేళ్ళు. మా లంకల్లో పెళ్ళంటే పంతులు గారి కన్నా ముందు వాడికి కబురెళ్ళేది. వానలకి దార్లు మునిగిపోతే పడవ పంపించి మరీ తీసుకెళ్ళేవోరండీ వాణ్ణి, చారు పెట్టడానికి.”